ముందుమాట లేని పది ఆజ్ఞలు

నేను ఒక బండను. కడప జిల్లా నాపబండను. మీ భాషలో నా పేరు పెట్టి ఎన్ని తిట్లున్నాయో నాకు తెలుసు. మొద్దుగా ఉండేవాణ్ని బండవెధవ అంటారు, సిగ్గులేని మాటలను బండబూతులంటారు, ఏడ్చేవాణ్ని గుండె బండ చేసుకోమంటారు. పదిహేనేళ్లు ఒక చర్చి గోడకు అతుక్కుని మనుషులను చూశాక చెబుతున్నాను. గుండె బండ చేసుకోవడానికి మీకు మా సాయం అక్కర్లేదు. ఆ పని మీ అంతట మీరే బాగా చేసుకోగలరు.

మాది ఎర్రబండపల్లె. ఊరికి తూర్పున బండల గని, పడమట చర్చి, మధ్యలో ఎనభై ఇళ్లు. ఆ ఎనభై ఇళ్ల పొయ్యిలూ గని మీదే వెలిగేవి. నేను పుట్టింది కూడా ఆ గనిలోనే, పైనుంచి మూడో పొరలో. నన్ను చీలకుండా, పగలకుండా పైకి తీయించినవాడు గని మేస్త్రీ జకరయ్య. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, ఎక్కడా మచ్చలేదు. నన్ను చూసి ఆయన అరచేత్తో రెండుసార్లు తట్టి, "ఇది అమ్మేది కాదు, దేవునికి" అన్నాడు. ఆ క్షణంలో నాకు గర్వం కలిగిన మాట నిజం. తర్వాత ఏం జరుగుతుందో తెలిసి ఉంటే అక్కడే రెండుగా చీలిపోయేదాన్ని.

జకరయ్య అప్పటికే చర్చిలో సంఘపెద్ద. పొడవాటి మనిషి, తెల్ల పంచె, జేబులో ఎప్పుడూ చిన్న రబ్బరు తొడుగు వేసిన కళ్లద్దాల పెట్టె. బీడీ కాల్చడు, సినిమా చూడడు, ఒట్టు పెట్టడు. ఆదివారం పొయ్యిలోకి కట్టె విరవనివ్వడు. శనివారమే విరిచి పెట్టుకోవాలి. పది ఆజ్ఞలను రాతి మీద చెక్కించి చర్చిలో నిలబెడితే ఊరు బాగుపడుతుందని ఆయన నమ్మకం. ప్రొద్దుటూరు నుంచి మస్తాన్ అనే చెక్కడం పనివాణ్ని పిలిపించాడు. మస్తాన్ సమాధి రాళ్ల మీద పేర్లు చెక్కేవాడు. నా మీద ఇసుక పోసి, నీళ్లు చల్లి, రెండు రోజులు నున్నగా రుద్దాడు. తర్వాత ఉలి పట్టుకుని జకరయ్య ఇచ్చిన కాగితం చదువుకుంటూ కూర్చున్నాడు.

"పెద్దాయనా, ఈ పదిటికి ముందు ఇంగో మాట రాసినారే," అన్నాడు. "మిమ్మల్ని బానిసల ఇంట్లోనుంచి బయటికి తెచ్చిన దేవుణ్ని నేనే అని. ఇది గూడా చెక్కల్నా?"

"అది వద్దు. జాగా సాలదు. పది ఆజ్ఞలు సాలు."

"ముందు ఇడిపించినా అంటాండాడు, ఆ తర్వాతనే గదా ఈ పని చేయండి, ఆ పని చేయొద్దండి అంటాండేది. మొదటిది తీసేస్తే తక్కింది పోలీసోళ్ల బోర్డు మాదిరి ఉంటాది."

"నీకు చెప్పిన పని చేయి మస్తానూ."

చేశాడు. చేసినా జాగా చాలలేదు. మొదటి అక్షరాలు పెద్దవిగా చెక్కి, చివరికి వచ్చేసరికి ఇరుకైపోయి, పదో ఆజ్ఞ అడుగున చిన్న అక్షరాల్లో పడింది. పొరుగువాడిది ఆశించవద్దన్న మాట చదవాలంటే ఎవరైనా నడుము వంచాల్సిందే. పదిహేనేళ్లలో వంచినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

నన్ను ప్రసంగ పీఠానికి కుడివైపు గోడలో నిలబెట్టారు. ప్రతి నెలా మొదటి ఆదివారం, రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు భోజనానికి ముందు, సంఘమంతా లేచి నా వైపు తిరిగి నిలబడేది. జకరయ్య వెదురు బెత్తంతో ఒక్కొక్క వరుసా చూపిస్తూ చదివేవాడు. అందరూ వెనకే చెప్పేవాళ్లు. ఎంత బాగా చెప్పేవాళ్లంటే, పైకప్పు రేకులు అదిరేవి. దొంగిలవద్దని అందరికంటే గట్టిగా అరిచిన ముసలాయన చర్చి కొబ్బరికాయలు సంచిలో వేసుకుని పోవడం నేనే చూశాను. తల్లిదండ్రులను సన్మానించమని రాగం తీసి చెప్పినామె, గుమ్మం దాటకముందే అత్తను "నోరు మూసుకో" అంది. మొదట్లో నాకు కోపం వచ్చేది. తర్వాత విసుగు వచ్చింది. ఆ విసుగు ఇంకా పోలేదు.

జకరయ్య మాత్రం చెప్పిందే చేసేవాడు. అది ఒప్పుకోవాలి. చిక్కేమిటంటే, తాను చేసేదాన్ని కొలబద్దగా పట్టుకుని ఊరినంతా కొలిచేవాడు. గురప్ప భార్య లేయమ్మ సంగతి చెబుతాను. గురప్ప గనిలో తూటాలు పెట్టి వత్తి అంటించేవాడు. పై మొద్దురాయిని పేల్చి తీస్తే తప్ప కింది బండలు అందవు. బాప్తిస్మంలో అతనికి గిద్యోను అని పేరు పెట్టారు గానీ, సొంత తల్లి కూడా అలా పిలవలేదు. వాళ్లకు ఎకరం శెనక్కాయ చేను ఉంది. ఆ ఏడు వాన లేదు. కరెంటు వారానికి రెండుసార్లు వచ్చేది. అందులో ఒకటి ఆదివారం పొద్దున. లేయమ్మ చర్చికి రాకుండా మోటారు వేసి చేనుకు నీళ్లు కట్టింది. ఆ సంగతి జకరయ్యకు తెలిసింది. మూడు నెలలు ఆమెకు ప్రభు భోజనం లేదన్నాడు. గురప్ప ఆయనకు వరసకు మేనల్లుడు. మేనమామ మాటకు ఎదురు చెప్పలేక తల వంచుకున్నాడు. లేయమ్మ మూడు నెలలూ వెనక బల్ల మీద కూర్చుంది. జకరయ్య నా నాలుగో వరుస మీద బెత్తం పెట్టినప్పుడల్లా జనం మెడలు తిప్పి ఆమెను చూసేవాళ్లు. నాలుగో వరుసలో విశ్రాంతి అని ఉంది. మెడలు తిప్పమని లేదు.

ఇలా పన్నెండేళ్లు గడిచాయి. పదమూడో ఏడు ఫిబ్రవరిలో, ఒక శనివారం సాయంత్రం గనిలో తూటా పేలి ఒక మనిషి చనిపోయాడు. పక్క ఊరి సుబ్బరాయుడు. లారీకి బండలెక్కించే కూలి. రాయి ఎగిరివచ్చి తలకు తగిలిందట.

మరునాడు మొదటి ఆదివారం. ఆరాధనకు ఇంకా గంట ఉందనగా జకరయ్య ఒక్కడే చర్చిలోకి వచ్చాడు. వెనకే గని యజమాని మనిషి వచ్చాడు. చొక్కా ఇస్త్రీ నలగని మనిషి. చెప్పులు విడవలేదు.

"చూడు మేస్త్రీ," అన్నాడు, "పోలీసులు మధ్యాన్నానికి వస్తారు. ఎవరు అంటించమన్నారని అడుగుతారు."

"నేనే చెప్పినా," అన్నాడు జకరయ్య. ఆయన గొంతు అంత చిన్నగా ఉండగలదని నాకు అంతవరకూ తెలియదు. "లారీ ఇంకా కదల్లేదు మామా అన్నాడు గురప్ప. జనాన్ని పక్కకు తప్పించే ఎర్రజెండా గూడా నేను ఎత్తియ్యలేదు. రేపు ఆదివారం, రంధ్రాల్లో మందు కూరి ఉండాది, అట్లనే వదిల్తే సోమవారం దాకా ఎవురు కాపలా ఉంటారు, అంటించు అన్నా. ఆదివారం పని ఉండగూడదని."

"ఆ మాట నువ్వు చెప్పినావంటే గని తప్పవుతాది. మేస్త్రీ చెప్పినాడంటే యజమాని చెప్పినట్టే. గని మూసేస్తారు. ఎనభై ఇండ్లు మేస్త్రీ. వాడు తనంతట తాను అంటించినాడంటే ఒక్కడితో పోతాది. వానికి లాయర్ని మేం పెడతాం."

ఆ మనిషి పోయాడు. జకరయ్య నా వైపు వీపు పెట్టి ముందు బల్ల మీద కూర్చున్నాడు. గంట కొట్టేదాకా అలాగే ఉన్నాడు.

ఆ రోజు కూడా ఆజ్ఞలు చదివారు. నేను వద్దనుకున్నా నన్ను ఎవరడిగారు. ఆయన బెత్తం ఎనిమిది మీదినుంచి పది మీదికి జారింది. తొమ్మిదో వరుస మీద, పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యం పలకవద్దన్న చోట, ఆగలేదు. జనం అలవాటు కొద్దీ తొమ్మిదోది కూడా చెప్పేశారు. వాళ్లు నన్ను చూసి చదవడం మానేసి ఎన్నేళ్లయిందో నాకు అప్పుడు అర్థమైంది.

మధ్యాహ్నం పోలీసులు చర్చి వసారాలోనే కూర్చుని రాసుకున్నారు. కిటికీ తెరిచి ఉంది. "నేను చెప్పలేదు సార్," అన్నాడు జకరయ్య. "వాడే తొందరపడి అంటించినాడు." గురప్ప అక్కడే ఉన్నాడు. "మామా," అన్నాడు ఒక్కసారి. అంతే. అతన్ని జీపులో ఎక్కించుకుని వెళ్లారు. పేలుడు మందు కేసు కాబట్టి జామీను దొరకలేదు. నాలుగు నెలలు ప్రొద్దుటూరు జైల్లో ఉన్నాడు.

ఊరికి నిజం తెలియదా. తెలుసు. ఆ సాయంత్రం గనిలో ఇరవై మంది ఉన్నారు. జకరయ్య అంటించమన్న మాట కనీసం ఐదుగురు విన్నారు. ఆ ఐదుగురూ ప్రతి ఆదివారం నా ముందు కూర్చునేవాళ్లు. ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్లు కాదు. గని నడుస్తోంది. వారం కూలి వస్తోంది. వాళ్లను తిట్టాలని నాకుండేది. కానీ వాళ్ల బిడ్డల చేతుల్లో పలకలు, కాళ్లకు చెప్పులు కనిపించేవి. మనుషులతో ఉన్న చిక్కే ఇది. పూర్తిగా తిట్టనివ్వరు.

గురప్ప జైలుకు పోయిన రెండో నెల మొదటి ఆదివారం, ఆజ్ఞలు చదవడానికి అందరూ లేచినప్పుడు లేయమ్మ వెనక బల్ల నుంచి ముందుకు నడిచి వచ్చింది. చంకలో ఏడాది పిల్ల.

"చిన్నాయనా," అంది జకరయ్యతో, "సదివేదానికి ముందు ఒక మాట చెప్పు. నా మొగుడు నువ్వు చెప్పకుండానే అంటించినాడా?"

బెత్తం ఆయన చేతిలోనే ఉంది. "అది కోర్టు సూసుకుంటాది లేమ్మా," అన్నాడు.

"కోర్టును కాదు, నిన్ను అడుగుతాండా."

ఎవరో "కూర్చో లేయమ్మా" అన్నారు. ఇంకెవరో "గుళ్లో గొడవేంది" అన్నారు. పాస్టరు యోనా అయ్యగారు వయసులో చిన్నవాడు. చేతులెత్తి ప్రార్థన చేద్దాం అన్నాడు. ప్రార్థన చేయాల్సిన సమయాలున్నాయి, ప్రార్థన వెనక దాక్కునే సమయాలున్నాయి. లేయమ్మ కళ్లు మూసుకోలేదు. పిల్లను ఇంకో చంకకు మార్చుకుని బయటికి వెళ్లిపోయింది.

ఆ రోజు అయ్యగారు కృప మీద ప్రసంగించాడు. మనం ధర్మశాస్త్రం కింద లేము, కృప కింద ఉన్నాము, ఆజ్ఞలు పాటించి ఎవడూ రక్షణ పొందలేడు అన్నాడు. ఆమాటకొస్తే అది నిజమే. నేను రాయిని, నేనెవరినీ రక్షించలేను, ఆ సంగతి మీకంటే నాకే బాగా తెలుసు. కానీ ఆ మాట వినగానే బల్లల మీద భుజాలు ఒక్కసారి కిందికి దిగాయి. అందరికీ ఊపిరి ఆడింది. క్షమాపణ ఉందని తెలిస్తే తప్పు దిద్దుకోవాలని గదా అనిపించాలి. వీళ్లకు తప్పు అలాగే ఉంచుకోవచ్చని అనిపించింది. నిన్నటిదాకా నన్ను కర్రలా పట్టుకుని లేయమ్మను కొట్టారు. ఇప్పుడు కర్ర తమ మీదికి తిరిగేసరికి, ఇది పాత నిబంధన, మనకు చెల్లదు అన్నారు.

ప్రతి శనివారం మధ్యాహ్నం నన్ను తడిగుడ్డతో తుడిచే పని జకరయ్య భార్య తబితమ్మది. ఆమెకు చదువు రాదు. అక్షరాల గుంతల్లో దుమ్ము ఉంటుందని చిటికెన వేలికి గుడ్డ చుట్టి ఒక్కొక్క అక్షరం తుడిచేది. ఏ వరుస ఏమిటో ఆమెకు వేలితో తెలుసు. గురప్ప జైలుకు పోయి మూడు నెలలైన తర్వాత ఒక శనివారం, ఆమె తుడుస్తూ తుడుస్తూ తొమ్మిదో వరుస దగ్గర ఆగిపోయింది. జకరయ్య తలుపుకు నూనె వేస్తున్నాడు.

"ఏమయ్యా, ఇది ఏమని ఉండాది?" అంది.

"నీకు తెల్దా ఏంది. పన్నెండేండ్ల నుంచి వింటాండావు."

"తెలుసు. నీ నోటితో వినాలని."

ఆయన నూనె గిన్నె కింద పెట్టాడు. "తబితా, ఎనభై ఇండ్లు. నేనొక్కణ్ని నిజం చెప్తే ఎనభై ఇండ్లల్లో పొయ్యి ఆరిపోతాది."

"గురప్ప ఇల్లు ఆ ఎనభైలో లేదా?"

ఆయన మళ్లీ నూనె గిన్నె అందుకున్నాడు.

"ఆ పొద్దు ఇంటికొచ్చి చెంబు నీళ్లు తాగకుండానే నాకు చెప్పినావు, నేనే అంటించమన్నానే అని. మూడు నెల్ల నుంచి నువ్వు కడుపునిండా తినింది లేదు, నేను నిద్రపోయింది లేదు. లేయమ్మ బాయికాడికొస్తే నేను బిందె వదిలేసి వస్తాండా. ఎందుకయ్యా మనకీ బతుకు?"

"ప్రభువు క్షమిస్తాడు. రోజూ అడుగుతాండా."

"క్షమిస్తాడు. ఆయన క్షమిస్తే గురప్ప బయటికొస్తాడా?"

తబితమ్మ గుడ్డ బకెట్లో వేసి, తక్కిన వరుసలు తుడవకుండానే వెళ్లిపోయింది. పన్నెండేళ్లలో ఆమె పని సగంలో ఆపడం అదే మొదటిసారి.

సాక్ష్యానికి రమ్మని జకరయ్యకు కోర్టు నోటీసు వచ్చింది. ముందురోజు ఉదయం ఆయన అయ్యగారిని చర్చికి రప్పించుకున్నాడు. ఇద్దరూ ముందు బల్ల మీద కూర్చున్నారు. ఎనభై ఇళ్ల సంగతి, జైలు సంగతి, పరువు సంగతి అంతా చెప్పి, చివరికి ఆయన అసలు భయం బయటపెట్టాడు.

"అయ్యగారూ, నలభై ఏండ్లు ఒక్క ఆజ్ఞ గూడా తప్పలేదని చెప్పుకుని బతికినా. దాని మీదే నిలబడినా. ఇప్పుడు అబద్ధమాడినా, ఒక మనిషి చావుకు కారణమైనా అని నలుగురిలో చెప్తే ఇంగ నాకు ఏం మిగుల్తాది? రేపు నిజం చెప్తే అన్నా ప్రభువు నన్ను చేర్చుకుంటాడా?"

యోనా అయ్యగారు నా వైపు తిరిగాడు. "పెద్దాయనా, ఈ బండ మీద ఒక మాట లేదు," అన్నాడు. "పదిటికీ ముందుండే మాట. నేను నిన్ను విడిపించినాను అనే మాట. బానిసలుగా ఉన్న ఆ జనాన్ని ఆజ్ఞలు పాటిస్తే బయటికి తెస్తాననలేదు ఆయన. ముందు తెచ్చినాడు, తర్వాత చెప్పినాడు. చేర్చుకునేదానికి నిజం చెప్పమనడం లేదు మిమ్మల్ని. చేర్చుకున్నాడు గనక చెప్పమంటాండాడు."

"ఆ మాట చెక్కొద్దని నేనే అన్నా," అన్నాడు జకరయ్య.

"నేనూ అంతే. చదువుకున్నా, ఇన్నాళ్లూ నోరు తెరవలేదు."

జకరయ్య కళ్లద్దాలు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నాడు. తుడుస్తూనే ఉన్నాడు. నాకు ఆ రోజు ఆయన మీద విసుగు రాలేదు. ఇది నేను తరచుగా చెప్పే మాట కాదు.

కోర్టులో ఏం జరిగిందో నేను చూడలేదు. గోడకున్న బండను, నా ముందు మాట్లాడుకున్నదే నాకు తెలుసు. జకరయ్య బోనులో నిలబడి, "నేనే చెప్పినా. లారీ కదల్లేదని గురప్ప చెప్పినాడు, నేను వినలేదు. పోలీసులకు అబద్ధం చెప్పినా" అన్నాడట. జడ్జిగారు రెండుసార్లు అడిగించారట, ఎవరైనా బెదిరించారా అని. "లేదయ్యా, అప్పుడు బెదిరించినారు, ఇప్పుడు లేదు" అన్నాడట. గురప్పను వదిలేశారు. జకరయ్య మీద కేసు పెట్టారు. గని మూతపడింది.

ఆ తర్వాతి ఆదివారం సంఘం సమావేశం జరిగింది. నేను విన్నది మీరు కూడా వినాలి. జకరయ్యను పెద్దరికం నుంచి తీసేయాలని ఒకరు లేచారు. ఎందుకంటే సంఘానికి చెడ్డపేరు తెచ్చాడట. అబద్ధమాడిన నాలుగు నెలలూ ఆయన పెద్దగానే ఉన్నాడు, బెత్తం పట్టుకున్నాడు, ప్రభు భోజనంలో రొట్టె పంచాడు. అప్పుడెవరికీ చెడ్డపేరు కనిపించలేదు. నిజం చెప్పిన ఐదో రోజు కనిపించింది. చేతులెత్తమన్నారు. దాదాపు అన్ని చేతులూ లేచాయి. ఆ రోజు గనిలో ఉండి విన్న ఐదుగురివి అందరికంటే ముందు లేచాయి. అయ్యగారి చేయి లేవలేదు, నోరూ లేవలేదు. వారం కింద అంత మంచి మాట చెప్పిన మనిషే. లేయమ్మ మాత్రం కూర్చున్నచోటి నుంచి, "నేను ఎత్తను" అంది. గురప్ప ఆమె పక్కనే కూర్చున్నాడు. అతను కూడా ఎత్తలేదు. కానీ జకరయ్య వైపు చూడలేదు.

నాకు నోరుంటే ఆ రోజు ఏం చేసేదాన్నో తెలియదు. మీరు నన్ను గోడకు ఎందుకు నిలబెట్టారని అడిగేదాన్నేమో. అందానికైతే పూలబొమ్మ చాలదా అనేదాన్ని.

జకరయ్యకు ఎనిమిది నెలల శిక్ష పడింది. ఊళ్లో సగం మంది తాడిపత్రి గనులకు పనికి పోయారు. చర్చిలో బల్లలు ఖాళీగా ఉండేవి. ఏడు నెలల తర్వాత గనిని ఇంకొకరు కొని మళ్లీ తెరిచారు. ఈసారి సైరను పెట్టారు, ఎర్రజెండా మోసే మనిషిని పెట్టారు. ఆకలితో ఎనభై ఇళ్లూ చచ్చిపోతాయన్నారే, ఎవరూ చావలేదు. కష్టపడ్డారు. అది వేరే సంగతి, కాదనను.

జైలు నుంచి వచ్చాక జకరయ్య చర్చిలో వెనక బల్ల మీద కూర్చునేవాడు. మేస్త్రీ పని లేదు. తక్కినవాళ్లతో పాటు ఉలి పట్టుకుని కూలికి పోయేవాడు. సుబ్బరాయుడి ఊరికి రెండుసార్లు నడిచి వెళ్లాడని, సుబ్బరాయుడి తల్లి తలుపు తీయలేదని తబితమ్మ నన్ను తుడుస్తూ అయ్యగారితో చెప్పింది. "మళ్లా పోతానంటాండాడు. ఆయమ్మ తిడితే తిట్టనీ అంటాడు. తిట్టేదానికైనా తలుపు తీయల్ల గదా అంటాడు." ఆమె ఎప్పటికైనా తీసిందో లేదో నాకు తెలియదు.

కొత్త పెద్దలకు చర్చిని కొత్తగా చేయాలనిపించింది. గోడలకు మెరిసే టైల్సు వేస్తారట. బండల ఊళ్లో టైల్సు. నా చోట బంగారు రంగు ప్లాస్టిక్ అక్షరాలు అంటిస్తారట. అందులోనూ ముందుమాట లేదు, తెచ్చిపెట్టినప్పుడు చూశాను. నన్ను గోడలోంచి ఊడదీసి పారేయాలని తీర్మానించారు. శనివారం మధ్యాహ్నం ముగ్గురు మనుషులు గడ్డపారలతో వచ్చారు. గురప్ప కూడా వచ్చాడు. పగలగొడతారని తెలిసి వచ్చాడు.

"పగలగొట్టొద్దండి," అన్నాడు. "పారేసేదైతే నేను ఎత్తుకపోతా. మా ఇంటి ముందర అరుగు లేదు. లేయమ్మ గడపలో కూర్చుంటాది."

ఆరడుగుల బండ, నలుగురు చాలలేదు. కింది మూల జారిపోతోంది. నన్ను తుడవడానికి వచ్చిన తబితమ్మ కోసం అప్పుడే వచ్చిన జకరయ్య తలుపులో నిలబడి ఉన్నాడు. ఎవరూ పిలవలేదు. ఆయన కూడా అడుగు వేయలేదు. బండ ఇంకా కొంచెం జారింది.

"కింది మూల పట్టుకో మామా," అన్నాడు గురప్ప. ఆయన వైపు చూడకుండానే అన్నాడు.

రెండేళ్ల తర్వాత ఆ ఇద్దరి మధ్యా అదే మొదటి మాట. జకరయ్య వచ్చి కింది మూల పట్టుకున్నాడు. ఊరి నడివీధిలో నన్ను మోసుకుపోయారు. దారిలో రెండుచోట్ల దించి ఊపిరి పీల్చుకున్నారు. "నిదానం," "ఎడంపక్కకు," "గుంత ఉండాది" తప్ప ఏమీ మాట్లాడుకోలేదు. బరువు మోసేటప్పుడు మనుషులు చక్కగా ఉంటారు. ఒకడి వేళ్లు నలగకుండా ఇంకొకడు చూసుకుంటాడు. ఇదే బుద్ధి బరువు దించాక కూడా ఉంటే నా మీద ఒక్క అక్షరం చెక్కే అవసరం ఉండేది కాదు.

లేయమ్మ ఇంటి ముందు రెండు రాళ్లు వేసి ఉంచింది. "నిలబెట్టు," అంది. "దేవుని మాటలు, వాటి మీద కూర్చుంటారా ఎవురైనా?"

"నిలబెట్టి పదైదేండ్లు చూసినాం గదా," అన్నాడు గురప్ప. "పండబెట్టి చూద్దాం."

అక్షరాలు పైకి ఉండేలా పడుకోబెట్టారు. తక్కిన ముగ్గురూ చేతులు దులుపుకుని వెళ్లిపోయారు. జకరయ్య కూడా పంచె సర్దుకుని కదిలాడు. నాలుగడుగులు వేశాడు.

"అన్నం తిన్నావా?" అన్నాడు గురప్ప వెనకనుంచి.

"లేదు."

"సంగటి కెలికింది లేయమ్మ. కూర్చో."

జకరయ్య నిలబడే ఉన్నాడు. "గురప్పా, నేను నిన్ను..."

"నేను మరిచిపోలేదు మామా. నాలుగు నెలలు. నా బిడ్డ నడక నేర్చింది నేను చూడలేదు. అది మరిచిపోయేది కాదు."

"మరిచిపోమని అడగను."

"అడగొద్దు. కూర్చో, సంగటి ఆరిపోతాది."

జకరయ్య నా అంచున, బరువంతా వేయకుండా, పరాయి ఇంట్లో కూర్చున్నట్టు కూర్చున్నాడు. గురప్ప ఇంకో అంచున కూర్చున్నాడు. లేయమ్మ రెండు పళ్లేలు తెచ్చింది. రాగి సంగటి ముద్దలు, శెనక్కాయల ఊరుబిండి పచ్చడి, పక్కన పచ్చి ఉల్లిగడ్డ. పళ్లేలు తెచ్చి నా మీదే పెట్టింది. ఒకటి నాలుగో ఆజ్ఞ మీద, ఒకటి ఎక్కడో ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య. పిల్ల వచ్చి తండ్రి మోకాళ్లు పట్టుకుని నిలబడి, కొత్త మనిషిని చూసింది. చూసి, జకరయ్య పళ్లెంలోని ఉల్లిగడ్డ తీసుకుని పోయింది.

దేవుని ఆజ్ఞల మీద కూడు పెట్టుకుని తినే మనుషులు ఎక్కడైనా ఉంటారా అని అందామనుకున్నాను. ఊరుబిండి అక్షరాల గుంతల్లో పడుతోంది. ఇద్దరూ తల వంచుకుని తింటున్నారు. జకరయ్య ముద్ద మింగలేక ఆగినప్పుడు గురప్ప చెంబు ఆయన వైపు జరిపాడు. పళ్లేల వేడి నాలోకి దిగింది. నేనేమీ అనలేదు.